నీడకొలతలో త్రైరాశికము

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో గ్రాము వెల విన్న గృహిణి ఎనిమిది గ్రాముల వెలను నోటిలెక్కగనే చెప్పగలదు. ఆమె చేయునది త్రైరాశికమే. ఆ లెక్కయే పుస్తకములో కనబడినప్పుడు ఆమె కుమార్తె తరచు బెదరును. లెక్కలు రావను సాకుతో చదువు మాన్పింపబడు బాలికలు నేటికిని కలరు. బడిలో కొలిచి చూచు అవకాశము కొరవడుటయే ఈ భయమునకు ముఖ్యకారణమని మా అభిప్రాయము.

కొలుచుటకు ఎండ చాలును. పాఠశాల ఆవరణలో నాపబండపై మీటరు కర్రను నిటారుగా నిలుపవలెను. ఉదయము దాని నీడ 80 సెంటీమీటర్లున్న వేళనే జెండాకొయ్య నీడ 4 మీటర్ల 80 సెంటీమీటర్లున్నచో, కొయ్య యెత్తు 6 మీటర్లని తేలును. రెండు నీడలను ఒకే సమయమున కొలువవలెను. ఆలసించినచో లెక్క తప్పును. ఏప్రిల్ ఆఖరి దినములలోను, ఆగస్టు మధ్యమునను మిట్టమధ్యాహ్నము ఈ ప్రయత్నము వలదు. అప్పుడు సూర్యుడు మన నడినెత్తిన ఉండును గనుక నీడయే కానరాదు.

పులివెందుల చీనీకాయతో మరియొక పాఠము చెప్పవచ్చును. 8 సెంటీమీటర్ల కాయ భూమి యనుకొన్నచో, చంద్రుడు సుమారు 2 సెంటీమీటర్ల గోలీ. నడుమ దూరము 2 మీటర్ల 40 సెంటీమీటర్లు. సూర్యుడు దాదాపు 8 మీటర్ల 70 సెంటీమీటర్ల అడ్డుకొలత గల గోళమై, ఊరి వెలుపల సుమారు 940 మీటర్ల దూరమున ఉండవలెను. ఆ దూరము నడచి చూచిన పిల్లలు దానిని మరువరు.

అయితే అన్నియు ఈ తీరున మారవు. దీపము రెట్టింపు దూరమునకు పోయినచో దాని వెలుగు సగము గాక నాలుగవ వంతగును. నక్షత్రముల దూరము లెక్కించుటకు ఈ నియమమును ఉపయోగించు మార్గము చూపినది హెన్రియెట్టా లీవిట్ (1868–1921). వినికిడి తక్కువైన ఆమె అమెరికాలోని హార్వర్డు వేధశాలలో స్వల్పవేతనముపై గాజుపలకల ఛాయాచిత్రములను పరిశీలించెడిది. వెలుగు హెచ్చుచు తగ్గుచుండు ఒక జాతి నక్షత్రములలో, ఆ మార్పునకు పట్టు కాలమెంత దీర్ఘమో నిజకాంతి అంత అధికమని 25 నక్షత్రముల ఆధారమున 1912లో తెలిపెను. నిజకాంతి తెలిసినచో కనబడు కాంతిని బట్టి దూరము తేలును.

మన దేశమున అన్నా మణి (1918–2001) 1948లో వాతావరణశాఖలో చేరి, ఎండను కొలుచు పరికరములను స్వదేశముననే తయారు చేయించినది. జమ్మలమడుగు చేరువ మైలవరము మండలమున సౌరఫలకములను చూచు బాలికకు ఆమె పేరు తెలియవలదా?

పంచాయతీ సమకూర్పవలసినవి మీటరు కర్ర, కొలత టేపు, చదునైన బండ. టేపు పట్టు పనిని బాలికలకును అప్పగింపుడని ఉపాధ్యాయులను కోరుడు. సెప్టెంబరు 23 ప్రాంతమున మిట్టమధ్యాహ్నము ప్రొద్దుటూరులో ఆ కర్ర నీడ సుమారు 26 సెంటీమీటర్లు పడును. జమ్మలమడుగులో రవ్వంత పొడవు. దక్షిణమున నున్న పులివెందులలో అర సెంటీమీటరుకు పైగా పొట్టి. మూడు చోట్ల బడిపిల్లలు ఫోనులో ఆ కొలతలను సరిచూచుకొనవచ్చును.