ఆదుర్రు స్తూపం నుంచి జపాను ‘సోతోబా’ వరకు

రామచంద్రపురం: గోదావరి డెల్టాలో ఒకప్పుడు బౌద్ధం విలసిల్లిందనడానికి నిదర్శనాలు నేటికీ ఉన్నాయి. రామచంద్రపురానికి చేరువలోని ద్రాక్షారామం పేరులో గల ‘ఆరామ’ శబ్దం బౌద్ధ విహారానికి కూడా వర్తిస్తుంది. దానిని బట్టి అది పూర్వం బౌద్ధ క్షేత్రమై ఉండవచ్చునని కొందరు చరిత్రకారులు ఊహించారు. గౌతమికి ఆవల మామిడికుదురు మండలం ఆదుర్రులో ఉన్నది మాత్రం ఊహ కాదు. వైనతేయ పాయ చెంత బండిచక్రం ఆకృతిలో ఇటుకలతో నిర్మితమైన స్తూపపు పునాది అక్కడ భారత పురావస్తు శాఖ రక్షణలో ఉన్నది.

ఈ స్తూప సంప్రదాయమే చైనా, కొరియాల మీదుగా జపాను చేరి రూపం మార్చుకున్నది. 6వ శతాబ్దంలో కొరియాలోని పేక్చే రాజ్యం నుంచి బుద్ధ ప్రతిమ, సూత్ర గ్రంథాలు జపాను రాజాస్థానానికి అందాయి. గ్రంథాలను బట్టి ఈ ఘటన జరిగిన సంవత్సరం 538 లేదా 552. యువరాజు షోతోకు (574–622) ఆదరణతో ఆ మతం వేళ్లూనుకున్నది. నారా సమీపంలోని హొర్యూజీ ఆలయంలో గల ఐదంతస్తుల కొయ్య గోపురం వస్తుతః స్తూపమే. దాని నడిమి స్తంభం అడుగున ధాతువులు నిక్షిప్తమై ఉన్నాయి.

సామాన్య ప్రజల ఆచరణలో స్తూపం మరింత చిన్నదైనది. సమాధుల వద్ద నిలిపే పొడవైన కొయ్య పలకను ‘సోతోబా’ అంటారు. ఇది ‘స్తూప’ శబ్దానికి జపాను ఉచ్చారణ. పలక పైభాగాన్ని పంచభూతాలకు సంకేతంగా ఐదు ఆకృతులలో చెక్కి, సిద్ధ లిపిలో బీజాక్షరాలు రాస్తారు. షిన్రాన్ (1173–1263) స్థాపించిన జోదో షిన్ శాఖలో మాత్రం ఈ ఆచారం లేదు. ఇంటింటా ‘బుత్సుదాన్’ అనే పూజామందిరం, వేసవిలో పితరులను ఆహ్వానించే ‘ఓబోన్’ పండుగ జపాను గృహస్థుల బౌద్ధానికి ముఖ్య లక్షణాలు. మన మహాలయ పక్షం ఎరిగిన వారికి ఓబోన్ కొత్తగా తోచదు. 17వ శతాబ్దంలో ప్రతి కుటుంబం ఏదో ఒక ఆలయంలో నమోదు కావలెనని తొకుగావా ప్రభుత్వం శాసించినందున అంత్యక్రియలు ఆలయాల బాధ్యతగా స్థిరపడ్డాయి. నేడు పల్లెల్లో జనాభా తగ్గుతున్నందున అటువంటి ఆలయాలు అనేకం మూతపడుతున్నాయి.

ఆంధ్రదేశంతో జపాను బౌద్ధులకు గల అనుబంధం ప్రధానంగా ఆచార్య నాగార్జునుని ద్వారా ఏర్పడినది. ఆయనను వారు ‘ర్యూజు’ అని పిలిచి, ఎనిమిది శాఖలకు ఆదిగురువుగా ఆరాధిస్తారు. కూకాయ్ (774–835) నెలకొల్పిన షింగోన్ శాఖ ఐతిహ్యం ప్రకారం, నాగార్జునుడు దక్షిణ భారతంలోని ఒక ఇనుప స్తూపపు ద్వారాన్ని ఆవగింజలతో తెరిచి మంత్రశాస్త్రాన్ని పొందాడు. ఆ స్తూపం అమరావతిదేనని కొందరు పండితుల అభిప్రాయం. పర్యాటక ప్రచురణలలో దీనిని నిర్ధారిత సత్యంగా పేర్కొనడం సరికాదు. ఐతిహ్యంగా చెప్పినంత మాత్రాన దాని విలువ తగ్గదు.

జపాను భిక్షువు నిచిదాత్సు ఫుజీ (1885–1985) కృషితో 1969లో రాజగిరిలో, 1972లో ఒడిశాలోని ధౌలిలో శాంతి స్తూపాలు వెలిశాయి. ధౌలికి వచ్చే జపాను యాత్రికులకు అమరావతి, నాగార్జునకొండలతో పాటు ఆదుర్రును కూడా చూపవచ్చును. ‘సోతోబా’ ఎరిగిన వారికి అక్కడి ఇటుక చక్రాన్ని ప్రత్యేకంగా వివరించవలసిన అవసరం అంతగా ఉండదు.