నాటిన మొక్కకు నీరు పోసేదెవరు?

దేశమంతటా స్వచ్ఛ భారత్ ఉత్సాహం ఉప్పొంగిన రోజులవి. 2014 నవంబరు 12న కృష్ణా జిల్లా చల్లపల్లిలో కొందరు తెల్లవారుజామునే చీపుర్లు, పారలు పట్టుకొని వీధిలోకి వచ్చారు. ముందు నిలిచినవారు వైద్య దంపతులు డాక్టర్ డి.ఆర్.కె. ప్రసాద్, డాక్టర్ పద్మావతి. చాలాచోట్ల ఆ ఉత్సాహం ఫొటోలతోనే ముగిసింది. చల్లపల్లివారు మాత్రం మర్నాడూ వచ్చారు, ఏళ్ల తరబడి వస్తూనే ఉన్నారు. చెత్తకుప్పలుండిన రహదారుల అంచులు పూలమొక్కలతో నిండాయి. వారు ఎంచుకున్న వేళ ఫజ్ర్ నమాజుకు లేచే మనకు కొత్తదేమీ కాదు.

ముస్లిం నాటిన చెట్టు నుంచి మనిషి గాని, పక్షి గాని, పశువు గాని తింటే అది అతనికి సదఖా అవుతుందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించారు. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న హదీసు ఇది. మదర్సాలో ఈ పాఠం చెప్పినప్పుడు విద్యార్థుల దృష్టి నాటడం దగ్గరే ఆగిపోతుంది. మేము వారి వేలిని తర్వాతి మాట మీదికి జరుపుతాము: తినడం. ఎండిపోయిన మొక్కను ఏ పక్షి తింటుంది?

మన డెల్టాలో వానకాలంలో మొక్క నాటడం తేలిక. అసలు పరీక్ష వేసవిలో వస్తుంది. కాలువలకు నీరు ఆపేస్తారు, నల్లరేగడి నెర్రెలు విచ్చుతుంది, సముద్రం వైపు ఊళ్లలో బోరునీరు ఉప్పగా ఉంటుంది. అప్పుడు బిందె మోసేవాడే తోటమాలి.

ఈ పనికి ఒకేచోట ఉద్యోగం చేసేవారి బృందం మేలని మా అభిప్రాయం. ఆటోనగర్ షెడ్డు కావచ్చు, బ్యాంకు కావచ్చు, పాఠశాల కావచ్చు. ఉదయం తోటకు రానివారిని పదిగంటలకు పనిలో పక్కవారు అడుగుతారు. ఆ మొహమాటం కూడా అల్లాహ్ అనుగ్రహమే! పార్కు నగరపాలక సంస్థది, మనకెందుకు అనేవారున్నారు. సాయంత్రం అక్కడ ఆడుకునేది మన పిల్లలే కదా. అయితే అనుమతి లేకుండా ప్రజల స్థలంలో ఇష్టమొచ్చినట్లు గుంతలు తీయడం తగదు; ముందు అధికారులను కలవాలి. ఖబరస్తాన్ అయితే కమిటీ పెద్దలను అడిగితే సరిపోతుంది. అక్కడ ముళ్లకంపలు ఎంత పెరిగాయో జనాజా వెంట నడిచినవారికి తెలుసు.

పదిమంది రోజుకొకరు చొప్పున వంతు వేసుకుంటే ఒక్కొక్కరికి నెలలో మూడు ఉదయాలు. ఏప్రిల్, మే నెలల వంతులు ముందుగా రాసుకొని, ఆ తర్వాతే నర్సరీకి వెళ్లాలి.