విమానం ఎగిరింది... మరి సౌండేదీ?

శంషాబాద్ రన్‌వే మీద సెస్నా 172 రెడీగా ఉంది. థ్రాటిల్ ముందుకు తోశారు. స్క్రీన్ మీద ప్రొపెల్లర్ గిర్రున తిరుగుతోంది, స్పీడు పెరిగింది, చక్రాలు నేల వదిలాయి. కానీ రూములో సీలింగ్ ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకేం వినబడదు! ఇంట్లో ఫ్లైట్ సిమ్యులేటర్ నడిపేవాళ్లకి ఎప్పుడో ఒకప్పుడు తగిలే తలనొప్పే ఇది. కోపంతో మొత్తం తీసేసి, అన్ని జీబీలు మళ్లీ డౌన్‌లోడ్ పెట్టేముందు కాస్త ఆగండి. చాలాసార్లు తప్పు విమానానిది కాదు, విండోస్‌ది.

ముందుగా అనుమానించాల్సింది మానిటర్‌ని. హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కొత్త మానిటరో టీవీనో తగిలించగానే విండోస్ ఒక్కోసారి దాన్నే స్పీకర్ అనుకుని సౌండంతా అటు పంపేస్తుంది. దానికి స్పీకర్లే లేకపోతే ఇంకేముంది, నిశ్శబ్దం! టాస్క్‌బార్‌లో స్పీకర్ గుర్తు మీద రైట్ క్లిక్ చేసి వాల్యూమ్ మిక్సర్ తెరవండి. సౌండ్ ఎటు పోతోందో అక్కడే తెలిసిపోతుంది. సిమ్యులేటర్ నడుస్తుండగానే చూడాలి సుమా, మూసేస్తే దాని స్లైడర్ కనబడకపోవచ్చు. పాత ఎఫ్‌ఎస్‌ఎక్స్‌ని ఇంకా వదల్లేనివాళ్లు కీబోర్డ్‌లో ‘క్యూ’ నొక్కి చూడండి. సౌండ్‌ని ఆపేది, మళ్లీ తెచ్చేది అదే.

సౌండ్ వస్తోంది కానీ ఇంజిన్ మోత ఫోన్‌కాల్‌లో విన్నట్టు ఉందా? అయితే మీ బ్లూటూత్ హెడ్‌సెట్ మైక్ ఆన్ అయి ఉంటుంది. మామూలు బ్లూటూత్‌లో వినడానికి ఒక మోడ్, మాట్లాడటానికి ఇంకో మోడ్. మైక్ తెరుచుకోగానే హెడ్‌సెట్ రెండోదానికి మారి, సౌండ్ క్వాలిటీ పాతాళానికి పోతుంది. ల్యాప్‌టాప్ మైక్‌లో మాట్లాడి, హెడ్‌సెట్‌ని వినడానికే ఉంచుకుంటే సమస్య తీరిపోతుంది.

దీనికి తోడు ఇంకో చిలిపి పని విండోస్‌ది. కాల్ మాట్లాడుతున్నారని అనుకుంటే మిగతా శబ్దాలని 80 శాతం తగ్గించేస్తుంది. కంట్రోల్ ప్యానెల్ సౌండ్ విండోలో ‘కమ్యూనికేషన్స్’ అనే ట్యాబ్ ఉంటుంది చూశారా, అక్కడ ‘డూ నథింగ్’ పెట్టేయండి. వాట్సిమ్‌లో ఏటీసీతో మాట్లాడిన ప్రతిసారీ ఇంజిన్ గొంతు పడిపోతోందని గొడవపెట్టేవాళ్లు ముందు చూడాల్సింది ఇదే.

ఒక్క విమానమే మూగబోయి, మిగతావన్నీ బాగా అరుస్తుంటే? అప్పుడు నేరం ఆ యాడ్‌ఆన్‌ది. ఎఫ్‌ఎస్‌ఎక్స్‌లో ప్రతి విమానానికీ ఒక సౌండ్ ఫోల్డర్, అందులో సౌండ్.సీఎఫ్‌జీ అనే ఫైలు ఉంటాయి. ఉచితంగా దొరికే చాలా విమానాలకి సొంత శబ్దాలు ఉండవు. ఆ ఫైల్లో ‘ఏలియాస్’ అని రాసి వేరే విమానం గొంతు అరువు తెచ్చుకుంటాయి. ఆ రెండో విమానం మీ దగ్గర లేకపోయినా, ఫోల్డర్ పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా అంతే సంగతులు. నోట్‌ప్యాడ్‌లో తెరిచి, మీ దగ్గరున్న విమానం పేరు రాసేయండి. కొత్త మైక్రోసాఫ్ట్ సిమ్‌లో అయితే ‘కమ్యూనిటీ’ ఫోల్డర్‌లో ఉన్నవన్నీ బయటికి తీసి, ఒక్కొక్కటే మళ్లీ పెట్టుకుంటూ రండి. విసుగు పనే, కానీ దొంగ దొరుకుతాడు.

సరే, లేని శబ్దాల సంగతి అయింది. ఉన్న శబ్దాన్నే బగ్ అనుకునేవాళ్ల మాటేంటి? ఏ320లో ఒక ఇంజిన్ ఆపి ట్యాక్సీ చేస్తుంటే నేల కింద నుంచి కుక్క మొరిగినట్టు వినబడుతుంది. ఫైలు పాడైపోలేదు! అది పీటీయూ. రెండు హైడ్రాలిక్ వ్యవస్థల మధ్య ప్రెషర్ తేడా వస్తే సర్దే యంత్రం. నిజం విమానంలోనూ అంతే. ఈసారి ఏ320 ఎక్కితే రెక్కల దగ్గరి సీట్లో కూర్చుని చెవి పెట్టండి. ల్యాండింగ్‌లో 20 అడుగుల దగ్గర ‘రిటార్డ్’ అని వినబడితే అది మిమ్మల్ని తిట్టడం కాదు, థ్రస్ట్ లివర్లు వెనక్కి లాగమని చెప్పడం.

బోయింగ్ 737లో హారన్ కథ మాత్రం నవ్వులాట కాదు. నేల మీద ఆగి ఆగి మోగితే ఫ్లాప్స్ లాంటివి టేకాఫ్‌కి సరిగ్గా పెట్టలేదని అర్థం. గాల్లో అదే హారన్ మోగితే క్యాబిన్‌లో గాలి పీడనం పడిపోతోందని. 2005 ఆగస్టు 14న సైప్రస్‌లోని లార్నకా నుంచి ఏథెన్స్ బయల్దేరిన హీలియోస్ 522లో పైలట్లు రెండోదాన్ని మొదటిది అనుకున్నారు. ఆక్సిజన్ అందక స్పృహ కోల్పోయారు. విమానం ఇంధనం అయిపోయేదాకా తనంతట తానే ఎగిరి, గ్రీస్‌లో కొండను ఢీకొట్టింది. 121 మంది చనిపోయారు.

అందుకే హారన్ చిరాగ్గా ఉందని వార్నింగ్స్ స్లైడర్ తగ్గించేయకండి. కొత్త సిమ్‌లలో ఇంజిన్‌కీ హెచ్చరికలకీ వేర్వేరు స్లైడర్లు ఉంటాయి. ఇంజిన్ వినబడుతోంది కదా అని ఊరుకోకుండా సెస్నాతో 4,000 అడుగులకి వెళ్లండి. పవర్ తగ్గించి, ఎత్తు పడిపోకుండా ముక్కు మెల్లగా పైకి లేపుతూ ఉండండి. విమానం స్టాల్ అయ్యేలోపే సన్నటి ఈల మోగాలి. మోగకపోతే మళ్లీ సెట్టింగ్స్‌లోకి వెళ్లాల్సిందే.