పశువుల గాయాలు ఎలా మానుతాయి?

పశువుల గాయాలు రెండు రకాలు. చర్మం తెగకుండా లోపలి కండ కమిలితే అది మూసిన గాయం. ముళ్లకంచె గీరినా, కొమ్ము దిగినా చర్మం చిరిగి తెరిచిన గాయం అవుతుంది. మేకు గుచ్చుకున్న గాయం చిన్నదిగా కనిపించినా ప్రమాదకరం. గాలి అందని ఆ లోతులో ధనుర్వాతం క్రిములు పెరుగుతాయి. గుర్రాలకు ఈ ముప్పు మరీ ఎక్కువ.

గాయమైన వెంటనే ప్లేట్‌లెట్లు గుమిగూడతాయి. రక్తం గడ్డకట్టి, కారడం ఆగుతుంది. తర్వాత తెల్ల రక్తకణాలు చేరి సూక్ష్మజీవులను, చచ్చిన కణాలను మింగేస్తాయి. అందుకే మొదటి రోజుల్లో ఆ చోటు వాచి, వేడిగా ఉంటుంది. కొన్ని రోజులకు సన్నని రక్తనాళాలతో నిండిన ఎర్రని కొత్త కండ అడుగు నుంచి పూడుకొస్తుంది. అంచులు దగ్గరవుతాయి, పైన కొత్త చర్మం పరుచుకుంటుంది. మచ్చ గట్టిపడడానికి నెలలు పడుతుంది.

చికిత్సలో మొదటి పని శుభ్రం చేయడం. చుట్టూ వెంట్రుకలు కత్తిరించి, లీటరు కాచి చల్లార్చిన నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపి కడగాలి. ఒంట్లోని ద్రవాల గాఢత కూడా దాదాపు ఇంతే కాబట్టి కణాలు దెబ్బతినవు. ఈగలు గుడ్లు పెడితే ఒక్కరోజులోనే పురుగులు పుట్టవచ్చు. వాటిని ఏరేసి, పశువైద్యుడు చెప్పిన మందు రాయాలి. తాజాగా, శుభ్రంగా ఉన్న గాయానికి కుట్లు వేస్తారు. చీము పట్టినదాన్ని తెరిచే ఉంచి, అడుగు నుంచి మాననిస్తారు.