గుర్రంగడ్డకు పడవెక్కే ముందు: మీకు తెలుసా?

దీవి అనగానే మనవాళ్లకు అండమాన్, లక్షద్వీప్, మాల్దీవులు గుర్తొస్తాయి. విశాఖలో ఓడెక్కితే అండమాన్ చేరడానికి రెండు మూడు రోజులు పడుతుంది. హైదరాబాద్ నుంచి ఒక్క పూట రోడ్డు ప్రయాణంతో చేరుకునే దీవులు మనకే ఉన్నాయి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల మధ్య కృష్ణ పాయలుగా చీలి మళ్లీ కలిసే చోట్ల, శ్రీశైలం వెనక నీళ్లు కొండల్ని చుట్టుముట్టిన చోట్ల అవి కనిపిస్తాయి. హోటళ్లు లేవు, జనం గోల లేదు. పడవ మాత్రం ఎక్కాల్సిందే.

ఇవి కూడా ఉష్ణమండల దీవులే

మాట వరసకు అంటున్నది కాదు. కర్కాటక రేఖ 23.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గరుంటే గద్వాల 16.2 డిగ్రీల దగ్గరుంది. కరీబియన్ సముద్రంలోని గ్వాడెలూప్ దీవి దాదాపు ఇదే అక్షాంశం మీద ఉంది. జమైకా మనకంటే ఉత్తరాన ఉంది, హవాయి ఇంకా ఉత్తరాన. కొబ్బరిచెట్టు, నీలి సముద్రం ఉంటేనే ఉష్ణమండల దీవి అనుకోవడం క్యాలెండర్ బొమ్మలు చేసిన అలవాటు. ఇక్కడ కొబ్బరికి బదులు తుమ్మ, వేప, వరిమడి ఉంటాయి. ఇసుకకు బదులు నల్లగా నునుపెక్కిన రాళ్లుంటాయి.

గోదారోళ్లకు లంక, పాలమూరోళ్లకు గడ్డ

నదిలో తేలిన భూమిని కోనసీమలో లంక అంటారు. మన దగ్గర గడ్డ అంటారు. గుర్రంగడ్డ, కురుగడ్డ అనే పేర్లు అలా వచ్చినవే. సోమశిల దగ్గరికి వెళ్తే తిప్ప అనే మాట వినిపిస్తుంది. అక్కడి నీళ్లలోని దీవి పేరు చీమలతిప్ప. కాబట్టి ఈ దారిలో ఎవరినైనా అడిగేటప్పుడు "ఐలాండ్ ఎక్కడ" అని అడక్కండి. "గడ్డకు పొయ్యే రేవు ఎటు" అంటే ఎవరైనా చెయ్యెత్తి చూపిస్తారు.

చుట్టూ నీళ్లున్న ఒక ఊరు

జూరాల ప్రాజెక్టుకు దిగువన కృష్ణ రెండు పాయలుగా విడిపోతుంది. ఆ రెండు పాయల నడుమ గద్వాల మండలంలో గుర్రంగడ్డ ఉంది. జనం కాపురాలుంటున్న ఊరది. పొలాలున్నాయి, వరి పండుతుంది. ఎన్నికలొస్తే పోలింగ్ సిబ్బంది ఓటింగ్ యంత్రాలను ఒళ్లో పెట్టుకుని పడవలోనే వెళ్తారు. ఎరువుల బస్తా పడవలోనే పోవాలి, పండిన ధాన్యం పడవలోనే రావాలి, నొప్పులొచ్చిన ఆడబిడ్డ కూడా పడవలోనే దాటాలి. వంతెన కోసం ఆ ఊరివాళ్లు ఏళ్ల తరబడి అడుగుతూనే ఉన్నారు.

చూడ్డానికి వెళ్లేవాళ్లు ఈ సంగతి తెలుసుకుని వెళ్లడం నాకు ముఖ్యమనిపిస్తుంది. మనకు హాయిగా తోచే ఆ నిశ్శబ్దానికి రోజూ వెల కడుతున్నది వాళ్లు. పడవలో చోటు తక్కువైతే ముందు ఊరివాళ్లను ఎక్కనివ్వండి. మనం తర్వాతి పడవకు పోవచ్చు. బడికో ఆస్పత్రికో పోవాల్సినవాళ్లకు ఆ వీలుండదు.

పుట్టి గుండ్రంగా ఎందుకుంటుంది?

ఈ ప్రాంతపు అసలు పడవ పుట్టి. పాత తెలుగులో అరిగోలు అన్నారు. వెదురు బద్దలను పెద్ద గంపలా అల్లుతారు. పూర్వం దాని మీద తోలు కప్పేవాళ్లు, ఇప్పుడు టార్పాలిన్ కప్పి తారు పూస్తున్నారు. ఒడ్డుకు తెచ్చాక బోర్లించి ఆరబెడతారు. దూరం నుంచి చూస్తే రేవులో పెద్ద తాబేళ్లు పడుకున్నట్టుంటుంది.

గుండ్రంగా అల్లడానికి గట్టి కారణమే ఉంది. గద్వాల ప్రాంతంలో కృష్ణ అడుగంతా రాళ్లే. అడుగున మొనదేలిన పడవైతే ఆ బండలకు తగిలి పగులుతుంది. పుట్టికి అడుగు చదును. మోకాలి లోతు నీళ్లలో కూడా తేలుతుంది. రాయి తగిలితే వెదురు కాస్త వంగి మళ్లీ సర్దుకుంటుంది. దీనికి ముందూ వెనకా లేవు కాబట్టి తెడ్డు ఒకవైపే వేస్తే ఉన్నచోటే గిరగిరా తిరుగుతుంది. బెస్తలు తెడ్డును ఎదురుగా ముంచి తమవైపు లాగుతూ, మణికట్టు తిప్పి దాన్ని తిన్నగా పోనిస్తారు. చూస్తే తేలికనిపిస్తుంది. ఒకసారి తెడ్డు అడిగి తీసుకుని నాలుగుసార్లు లాగాను. నాలుగుసార్లూ బయల్దేరిన ఒడ్డే ఎదురుగా వచ్చింది.

1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ తుంగభద్ర మీది ఈ పుట్ల గురించే రాశాడు. బుట్టల్లా గుండ్రంగా ఉంటాయని, పైన తోలు కప్పి ఉంటుందని, 15, 20 మందిని మోస్తాయని, ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయని వర్ణించాడు. ఆ తుంగభద్రే మన అలంపురం పక్కగా వచ్చి కృష్ణలో కలుస్తుంది. అంతకు రెండు వేల ఏళ్ల ముందు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ బాబిలోన్‌లో ఉన్నాయంటూ ఆశ్చర్యంగా వర్ణించిన పడవలు కూడా గుండ్రటి తోలు పడవలే.

మన నోట్లో రేవు మాటలు

"ఇప్పుడేం పుట్టి మునిగిందని?" అంటాం కదా, అందులో మునిగేది ఈ పుట్టే. కష్టం తీరితే "గట్టెక్కాం" అంటాం. మేలు మరచినవాణ్ని "ఏరు దాటాక తెప్ప తగలేసే రకం" అంటాం. నది దాటడమే పెద్ద పనిగా బతికిన జనం భాష ఇది. ధాన్యం కొలతలోనూ పుట్టి ఉంది, 20 తూములైతే ఒక పుట్టి. పాలమూరులో ఒకప్పుడు పుట్టిలో పుట్టెడు వడ్లు దాటించామంటే వినేవాళ్లకు రెండు పుట్లూ అర్థమయ్యేవి.

పిఠాపురం నుంచి వచ్చిన దత్తుడి దీవి

దత్తుడి అవతారంగా కొలిచే శ్రీపాద శ్రీవల్లభులు పిఠాపురంలో పుట్టారని, చివరకు కృష్ణ నడుమనున్న కురువపురంలో ఉండిపోయారని దత్త భక్తుల నమ్మకం. కురుగడ్డ అన్నా అదే. పేరుకు కర్ణాటకలోని రాయచూరు జిల్లా, కానీ తెలుగు యాత్రికులు వెళ్లేది మక్తల్ మీదుగా పంచదేవ్ పహాడ్ వచ్చి, అక్కడ పుట్టి గానీ మరపడవ గానీ ఎక్కి. రెండు రాష్ట్రాలు, మూడు భాషలు ఒకే రేవులో కలుస్తాయి. తెలుగు, కన్నడ వినిపిస్తూనే ఉంటాయి. దత్త సంప్రదాయం మహారాష్ట్రలో బలంగా ఉండడంతో మరాఠీ కూడా చెవిన పడుతుంది. వాసుదేవానంద సరస్వతి, అంటే టెంబే స్వామి, తపస్సు చేసిన గుహ దీవి మీద ఉంది.

నేను వెళ్లినరోజు పుట్టి నడుమకొచ్చాక ఫొటో కోసం లేవబోయాను. తెడ్డు వేస్తున్న పెద్దాయన తలెత్తకుండానే "లేవకన్నా, కూసో. నువ్ లేస్తే అందరం లేసినట్టే" అన్నాడు. అప్పటి నుంచి పుట్టిలో మోకాళ్లు ముడుచుకుని, బరువు నడిమధ్యకు వచ్చేలా కూర్చుంటున్నాను.

వాన లేకుండానే వరద

ప్రయాణం వేసుకునేవాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సింది ఇదే. గద్వాలలో ఆకాశం నిర్మలంగా ఉండి చుక్క వాన పడకపోయినా రేవు మూతపడవచ్చు. కృష్ణ పుట్టేది మహారాష్ట్రలోని మహాబలేశ్వర్ దగ్గర. పశ్చిమ కనుమల్లో జూలై, ఆగస్టుల్లో వానలు దంచికొడితే ఆ నీళ్లు ఆల్మట్టి, నారాయణపూర్ దాటి జూరాలకు వస్తాయి. భీమ నీళ్లు కూడా దారిలో తోడవుతాయి. జూరాల నిల్వ సామర్థ్యం దాదాపు 9.66 టీఎంసీలే, శ్రీశైలంతో పోలిస్తే చిన్న చెంబు. పైనుంచి ఎంత వస్తే అంతా కిందికి వదలాల్సిందే.

లక్ష క్యూసెక్కులు వదిలారని పేపర్లో చదివి ఊరుకుంటాం. ఒక క్యూసెక్కు అంటే సెకనుకు 28 లీటర్ల పైచిలుకు. లక్ష అంటే సెకనుకు 28 లక్షల లీటర్లు. మన వీధిలోకి వచ్చే 5 వేల లీటర్ల నీళ్ల ట్యాంకర్లు ఒక్క సెకనులో 560 దాకా ఖాళీ అయినట్టు. అలాంటి రోజుల్లో గుర్రంగడ్డ చుట్టూ రెండు పాయలూ నిండుతాయి, పడవ తియ్యరు. అందుకని జూలై నుంచి అక్టోబరు దాకా వెళ్లాలనుకుంటే ముందురోజు వాతావరణ వార్తలు చూడడం సరిపోదు, జూరాల గేట్లు ఎన్ని ఎత్తారో చూడాలి. ఒకవేళ గేట్లెత్తి ఉంటే దీవి ఆలోచన మానేసి వనపర్తి జిల్లా వైపు నందిమల్ల దగ్గర ప్రాజెక్టు మీద నిలబడి నీళ్లు చూడండి, అక్కడే జూరాల చేపల వేపుడు తిని రండి. ఆ రోజూ వృథా పోదు.

వనపర్తి రాజులు కట్టిన శ్రీరంగం

తమిళనాట శ్రీరంగం ఉన్నది కావేరి పాయల నడుమ దీవి మీద. వనపర్తి సంస్థానాధీశులు తమ సీమలో శ్రీరంగాపురం కట్టించినప్పుడు నది బదులు చెరువును పక్కన పెట్టుకున్నారు. రంగసముద్రం అనే ఆ చెరువు నిండితే రంగనాయకస్వామి గుడిగోడలు నీళ్లలో కనబడతాయి. బీచుపల్లి ఆంజనేయుణ్ని చూడ్డానికి 44వ జాతీయ రహదారి మీద వచ్చేవాళ్లకు ఇది దగ్గరే. బీచుపల్లి దగ్గర నదిలోని గడ్డ మీద నిజాంకొండ కోట శిథిలాలున్నాయి. వంతెన మీద కార్లో పోయేవాళ్లలో వాటి వైపు తల తిప్పేవాళ్లు తక్కువ.

సోమశిల దీవులు ఒకప్పటి కొండలు

శ్రీశైలం ప్రాజెక్టుకు 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. 1980ల మొదట్లో నీళ్లు నిలిచాయి. కొల్లాపూర్ వైపు ఊళ్లకు ఊళ్లు మునిగాయి. ఎత్తుగా ఉన్న కొండలు, మిట్టలు మాత్రం నీళ్లలోంచి తలలెత్తి నిలబడ్డాయి. ఇవాళ సోమశిల, అమరగిరి దగ్గర మనం దీవులని మురిసిపోయేవి అవే. నీటిమట్టం తగ్గితే వాటిలో కొన్ని మళ్లీ ఒడ్డుకు అతుక్కుంటాయి. అక్టోబరులో పడవ మీద వెళ్లిన చోటికి మే నెలలో ఎండిన బురద మీద నడిచి పోవచ్చు.

గుళ్లను మాత్రం ఊడదీసి రాయి రాయికీ గుర్తులు పెట్టి ఎత్తైన చోట్లకు తెచ్చి నిలబెట్టారు. జటప్రోలు మదనగోపాలస్వామి ఆలయం అలా కదిలినదే. కూడవెల్లి సంగమేశ్వరాలయం అలంపురానికి చేరింది. గుడికి దక్కిన ఆ శ్రద్ధ మునిగిన ఊళ్ల మనుషులకు దక్కలేదని ఆ ఒడ్డున పెద్దవాళ్లు ఇప్పటికీ అంటారు. వాళ్లు చెప్పేది కూర్చుని వినండి, పడవ కాసేపు ఆగుతుంది.

జాకెట్ అడిగి వేసుకోండి

2007 జనవరిలో సింగోటం జాతరకు కృష్ణ దాటి వస్తున్న పడవ మంచాలకట్ట దగ్గర మునిగి 60 మందికి పైగా చనిపోయారు. ఆ ఒడ్డున చాలా ఇళ్లలో ఆ రోజు ఇంకా గుర్తుంది. లైఫ్ జాకెట్ ఇవ్వని పడవ ఎక్కకండి, నిండిన పడవ అసలే ఎక్కకండి. "ఆఖరి పడవ ఎన్ని గంటలకు" అని దిగేటప్పుడే అడిగి పెట్టుకోండి, పొద్దు గూకాక నది దాటొద్దు. సద్ది, మంచినీళ్లు, చిల్లర డబ్బు వెంట ఉంచుకోండి. నదిలో మొసళ్లున్నాయి, అందుకే దీవి అంచున ఈత వద్దు. నల్లమల వైపు తెలంగాణ ఒడ్డున అమ్రాబాద్ పులుల అభయారణ్యం ఉంది కాబట్టి అనుమతి లేకుండా అడవిలోకి దిగకూడదు.

సోమశిల నుంచి శ్రీశైలం దాకా నీళ్ల మీదే పోవాలనుంటే తెలంగాణ పర్యాటక సంస్థ 2024 నవంబరులో ఆ దారిలో లాంచీ మొదలుపెట్టింది. జలాశయంలో నీళ్లుంటేనే అది నడుస్తుంది.

ఏడాదిలో కొన్ని నెలలే కనిపించే గుడి

సోమశిల నుంచి అవతలి ఒడ్డుకు పడవలో పోతే, నంద్యాల జిల్లాలో సప్తనదీ సంగమేశ్వరం. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాసి ఇక్కడ కలుస్తాయని చెబుతారు. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు. అది 840 చుట్టుపక్కలకు దిగాక గానీ ఈ గుడి బయటపడదు. మిగతా రోజులు నీళ్లలోనే. గర్భగుడిలో ఉన్నది రాతి లింగం కాదు, వేప మొద్దు. ధర్మరాజు ప్రతిష్ఠించాడని స్థల పురాణం. ఏటా నెలల తరబడి కృష్ణలో నాని, మళ్లీ ఎండకు ఆరి, ఆ కర్ర అలాగే ఉంది. దగ్గరగా చూస్తే పసుపు కుంకుమల కింద చెక్క గీతలు కనిపిస్తాయి. ఎగువన వరద మొదలై నీళ్లు గుమ్మం దాటి గర్భగుడిలోకి వస్తుంటే, పురోహితుడు ఆ నీళ్లలోనే నిలబడి చివరి హారతి ఇచ్చి బయటికొస్తాడు.

అందువల్ల ప్రయాణం వేసుకునేటప్పుడు ముందే తేల్చుకోవాలి. నిండు నీళ్లు, చుట్టూ దీవులు కావాలంటే వరద తగ్గాక, నవంబరు నుంచి జనవరి మధ్య రండి. సంగమేశ్వరుణ్ని చూడాలంటే ఏప్రిల్, మే నెలల్లో ఎండకు తువ్వాలు చుట్టుకుని రండి. రెండూ ఒకే ప్రయాణంలో కుదరవు. మేం రెండుసార్లు వెళ్లాం.