జీడిపప్పు ధరల పేజీకి చవక చోటు ఏది?

పలాస: జీడిపప్పు రకాలు, ధరలు ఇంటర్నెట్‌లో పెట్టదలచిన చిన్న వ్యాపారి ముందుగా తేల్చుకోవలసింది హోస్టింగ్ సంగతి. అంటే, రాత్రింబవళ్లు నడిచే కంప్యూటర్‌లో మన పేజీకి అద్దె చోటు.

సొంత కంప్యూటరైతే అద్దె లేదు. కానీ 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస వద్ద తీరం దాటాక ఉద్దానం రోజుల తరబడి చీకట్లో మగ్గింది. కరెంటు పోతే ఆ కొట్టు మూతపడ్డట్టే.

ధరల పట్టిక ఒక్కటే అయితే క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ వంటి ఉచిత చోటు చాలు. ఆర్డర్లు, ఖాతాలు నడపాలంటే నెలవారీ అద్దె చోటు మేలు. మొదటి ఏడాది రాయితీ కాదు, రెండో ఏడాది అద్దె ఎంతో అడగాలి.

ఉచితం కలకాలం ఉండదు. హెరోకూ సంస్థ 2022 నవంబరులో ఉచిత సదుపాయం ఎత్తివేసింది. అందుచేత వెబ్‌సైటు పేరు సొంత పేరున ఉండాలి, లెక్కల నకలు ఇంట ఉండాలి. విత్తు చేతిలో ఉంటే తోట మళ్లీ వేసుకోవచ్చు.