బ్యాటరీనే నిందింపవలెనా?

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతములలో అద్దెకారు నడిపి జీవించువారికి కొత్త బ్యాటరీ ఖరీదు చిన్న భారము కాదు. అయినను ఉదయము కారు కదలకున్నచో మన మొదటి అనుమానము బ్యాటరీ పైననే. ఇది తొందరపాటని మా అభిప్రాయము.

రాత్రియంతయు కదలక నిలిచిన కారులో నిండు బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపును. 12 వోల్టులకు దిగినచో చార్జి దాదాపు లేనట్లే. ఇంజను నడుచునప్పుడు సాధారణముగా 14 వోల్టుల ప్రాంతమున ఉండవలెను. లేనిచో ఆల్టర్నేటరునో, దాని బెల్టునో శంకింపవలెను.

బ్యాటరీ బాగుండియు స్టార్టరు మూలుగుచున్నచో దోషము తరచు ఎర్తు తీగలో నుండును. పేరునకు ఎర్తే గాని అది నేలను తాకదు. దీపములకైనను, స్టార్టరుకైనను తీగ గుండా వెళ్లిన విద్యుత్తు కారు ఇనుప శరీరము గుండా తిరిగివచ్చి, ఈ తీగ ద్వారానే బ్యాటరీని చేరును. బాపట్ల వంటి తీరప్రాంతమున ఉప్పుగాలికి ఆ అతుకు త్వరగా తుప్పుపట్టును. తుప్పు ప్రవాహమును అడ్డగించును. స్టార్టరు తిరుగునప్పుడు మీటరు కొసలను బ్యాటరీ నెగటివు కొమ్మునకు, ఇంజను లోహమునకు ఆనించిన, 0.5 వోల్టు మించరాదు. మించినచో నెగటివు తీగను ముందుగా విప్పి, అతుకులు గరుకు కాగితముతో రుద్ది, గట్టిగా బిగించి, వాసెలీను పూయవలెను. ఇంతటితో అనేక కార్లు లేచును.

ఫ్యూజు పోయినచోట రాగితీగ చుట్టు అలవాటును మాత్రము మేము క్షమింపలేము. అప్పుడు ఫ్యూజునకు బదులు కారే కాలును. అదే ఆంపియర్ల ఫ్యూజు వేసినను మరల పోవుచున్నచో, పైతొడుగు ఊడిన తీగ ఎక్కడ ఇనుమునకు తగులుచున్నదో వెదకవలెను.